ఒక్క బల్బు ఇల్లు

ఆదివారం పొద్దున్నే గుమస్తా స్నానం చేసి, తల దువ్వుకుని, ఇంట్లోవాళ్ళని ముందుగదిలోకి పిలిచాడు. బస్సు డిపోలో ఆయన మాట వినేవాడు లేడు కాబట్టి ఇంట్లో అప్పుడప్పుడూ ఇలా సభ పెట్టుకుంటాడు. సభ్యులు ముగ్గురే. కళ్ళజోడు తుడుచుకుంటూ తల్లి వచ్చింది, గరిటె చేత్తోనే భార్య వచ్చింది, సగం నిద్రలో కాలేజీ కూతురు వచ్చి సోఫాలో కూలబడింది.

"నూనె పెరిగింది. గ్యాసు పెరిగింది. కరెంటు పెరిగింది," అన్నాడు గుమస్తా గొంతు సవరించుకుని.

"నీ జీతమొక్కటే బుద్ధిగా ఉన్నచోటే కూచుంది," అంది తల్లి.

"అమ్మా, మధ్యలో మాట్లాడకు. వచ్చే నెల నుంచి అద్దె కూడా పెంచుతానన్నాడు ఓనరు. అది కట్టలేకపోతే ఈ ఇల్లు వదలాలి. ఇప్పుడు కడుతున్న అద్దెకి ఇంకోచోట మనకి దొరికేది మెట్ల కింద గది. అందులో అమ్మ పడుకుంటే మనం ముగ్గురం నిలబడాలి."

ఆ మాటకి మాత్రం ఎవరూ నవ్వలేదు. కుళాయి సరిగ్గా రాకపోయినా, గోడ చెమ్మ పట్టినా, వీధి తలుపు లోపలి గడియ ఎప్పుడో ఊడిపోయినా, అది వాళ్ళ ఇల్లు. కూతురు గోడ పట్టుకుని నడక నేర్చుకున్న ఇల్లు.

"అందుకని ఈ పూట నుంచి పొదుపు," అంటూ గుమస్తా చట్టాలు చదివాడు. సాయంత్రమైతే నలుగురూ వంటింట్లో ఒక్క బల్బు కిందే కూర్చోవాలి. మిగతా గదుల్లో బల్బులు ఊడదీసి దాచేస్తాడు, ఉంటే చెయ్యి ఊరుకోదు కనక. పేపరు బంద్. ఇస్త్రీ బంద్. సోఫా, అద్దాల బీరువా అమ్మేయడం. సరుకులు టోకు బజారు నుంచి ఒకేసారి తెచ్చుకోవడం. చీకటి పడ్డాక ఎవరు తలుపు కొట్టినా తియ్యకపోవడం.

"అదెందుకు నాన్నా?" అంది కూతురు.

"తలుపు తీస్తే చుట్టం. చుట్టమంటే కాఫీ. కాఫీపొడి ఎంతో నీకు తెలుసా?" గుమస్తా వేలెత్తాడు. "అన్నిటికంటే ముఖ్యం, ఈ సంగతి బయట పొక్కకూడదు. డబ్బుకి కటకటలాడుతున్నామని తెలిస్తే వీధిలో తలెత్తుకోలేం. ఎవరైనా అడిగితే ఏదో ఒకటి గౌరవంగా చెప్పండి."

చిక్కంతా ఇక్కడే వచ్చింది. గౌరవంగా అంటే ఎలాగో ఆయన చెప్పలేదు. ఎవరికి తోచిన గౌరవం వాళ్ళు చూపించారు.

ముందు ఆయనే మొదలుపెట్టాడు. పేపరతన్ని గుమ్మంలోనే ఆపి, "ఒకటో తారీఖు నుంచి ఈ అడ్రసుకి పేపరొద్దోయ్," అన్నాడు.

"మరే అడ్రసుకెయ్యమంటారు సార్?"

"అది తర్వాత చెప్తాలే," అన్నాడు గుమస్తా, చాలా హుందాగా.

ఇస్త్రీ కొట్టు ఆవిడ నిలదీసి అడిగేసరికి గుమస్తా భార్య వెంటనే నోటికొచ్చింది అనేసింది. "మిషనొస్తోంది వదినా. అదే ఉతుకుతుంది, అదే ఆరేస్తుంది, అదే ఇస్త్రీ చేసి మడత పెడుతుంది." నిజానికి ఆ మిషను వాళ్ళ అత్తగారే. చొక్కాలు పరుపు కింద పరిస్తే, ఆవిడ రాత్రంతా వాటి మీద దొర్లేది. మడతలు పోయేవి కానీ, ఆవిడ ఏ వైపు తిరిగి పడుకుందో మర్నాడు గుమస్తా వీపు చూసి డిపోలో అందరూ చెప్పగలిగేవారు.

ఇక పాత సామాన్లు కొనేవాడు వచ్చి, "ఇంత మంచి సోఫా ఎందుకమ్మేస్తున్నారు మామ్మగారూ?" అన్నాడు. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "అక్కడికి ఇది నప్పదు నాయనా," అంది. ఎక్కడికో వాడు అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఈ మూడు ముక్కలూ ఇస్త్రీ కొట్టు దగ్గర కలుసుకున్నాయి. కొట్టు ఆవిడ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి మరీ లెక్క తేల్చింది. "అడ్రసు మారుతోంది. పాత సోఫా నప్పదట. అంతంత మిషన్లు పట్టాలంటే ఎంత కొంప కావాలి? సొంతిల్లు కొనేశారు! ఒక్కముక్క చెప్పారా, చూడు. దొంగమొహాలు!"

దానికి తోడు గురువారం సరుకుల బండి వచ్చింది. అది వచ్చినప్పుడు వీధిలో పిట్ట కూడా లేదు. గుమస్తా భార్య, కూతురు సరుకులు డబ్బాల్లో పోసుకుని, అట్టపెట్టెలు తిరిగిస్తే కొట్టువాడు కాస్త తగ్గిస్తాడని వాటిని మళ్ళీ బండెక్కించారు. అప్పటికి పిల్లలు బడి నుంచి, పెద్దలు పనుల నుంచి వచ్చారు. గుమస్తాగారింటి ముందు నుంచి బండెడు పెట్టెలు వెళ్ళిపోతుంటే వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. ఒకావిడ కళ్ళు కూడా తుడుచుకుందట.

వెనక వీధిలో ఉండే ఓనరుకి ఈ కబురు కాఫీ తాగుతుండగా అందింది. చెప్పకుండా పోయారన్న కోపంతో సగం కప్పు తాగాడు. కొత్తవాళ్ళకైతే అద్దె ఇంకా ఎక్కువ చెప్పొచ్చన్న సంతోషంతో మిగతా సగం తాగాడు. చీకటి పడ్డాక వచ్చి తలుపు కొట్టాడు.

వంటింట్లో బల్బు కింద నలుగురూ బిగుసుకుపోయారు.

"చుట్టాలు," అని గొణిగాడు గుమస్తా.

"ఎవరో చూద్దామండీ," అంది భార్య.

"కాఫీపొడి!" అన్నాడు గుమస్తా, వంటింటి తలుపు మూసేస్తూ.

ఓనరు కిటికీలోంచి తొంగిచూశాడు. ముందుగదిలో సోఫా లేదు, బీరువా లేదు, వెలుగు లేదు. చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు.

మర్నాటి సాయంత్రం వంటింట్లో మామ్మ చిక్కుళ్ళు ఒలుస్తోంది, కూతురు చదువుకుంటోంది. వీధి తలుపు తాళంలో చెవి తిరిగిన చప్పుడైంది. గడియ లేని తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. గుమస్తా చటుక్కున బల్బు ఆర్పేశాడు.

"దొంగలు," అంది కూతురు నీరసంగా.

"ఏం తీసుకెళ్తారే? మీ నాన్న అన్నీ అమ్మేశాడుగా," అంది మామ్మ.

ముందుగదిలో స్విచ్చి టకటకలాడింది. వెలగలేదు. ఎలా వెలుగుతుంది? బల్బు గుమస్తా పెట్టెలో ఉంది. తర్వాత ఓనరు గొంతు వినిపించింది.

"బల్బులు కూడా ఊడబెరుక్కుని పోయారు మహానుభావులు. రండమ్మా, ఫోను లైటులో చూద్దాం. పాతవాళ్ళు నిన్ననే ఖాళీ చేశారు. రేపే చేరిపోవచ్చు మీరు."

వంటింట్లో నలుగురికీ సంగతి ఒక్కసారే అర్థమైంది. తాము ఉండగానే తమ ఇల్లు ఇంకొకరికి ఇచ్చేస్తున్నారు! గుమస్తా తలుపు మీద చెయ్యి వేశాడు, తీశాడు, మళ్ళీ వేశాడు. బయటికెళ్తే ఇల్లు దక్కుతుంది. కానీ చీకట్లో నలుగురూ ఎందుకు నక్కి కూర్చున్నారంటే ఏం చెప్పాలి? పరువు పోతుంది. వెళ్ళకపోతే ఇల్లు పోతుంది. రెండిట్లో ఏది ముందు పోవాలో తేల్చుకోలేక మనిషి చెమటతో తడిసి ముద్దయ్యాడు.

"ఏమండీ, వెళ్ళండి!" అని వీపు మీద పొడిచింది భార్య.

"ఒక్క నిమిషం ఉండవే. గౌరవంగా ఏం చెప్పాలో ఆలోచిస్తున్నా."

అవతల ఇల్లు చూడ్డానికి వచ్చిన ఆయన, "ఈ గోడ తడిగా ఉందేమిటండీ?" అంటున్నాడు.

"తడా? అది చల్లదనం. ఎండాకాలంలో ఫ్యాను అక్కర్లేదు."

"నీళ్ళెలా ఉంటాయి?" అని ఆయన భార్య అడిగింది.

"నీళ్ళా! కుళాయి తిప్పితే చాలమ్మా, ఉరికొస్తాయి. పట్టుకోలేక కట్టెయ్యాలి. పాతవాళ్ళు ఇరవయ్యేళ్ళున్నారు, ఒక్కనాడు ఇదేమిటని నన్ను అడగలేదు."

మామ్మ అన్నీ ఓర్చుకుంది. సోఫా పోయినా ఓర్చుకుంది, కొడుకు చొక్కాల మీద పడుకోవడమూ ఓర్చుకుంది. ఈ మాట మాత్రం ఓర్చుకోలేకపోయింది. చీకట్లోంచే గొంతెత్తింది.

"ఎవర్రా అడగలేదన్నది? నా జుట్టు నెరిసిందే నీ కుళాయి కింద చెంబు పెట్టుకుని!"

ఆ తర్వాత జరిగింది చెప్పడం కష్టం, చూసినవాళ్ళు తక్కువ, పరిగెత్తినవాళ్ళు ఎక్కువ. "నిన్ననే ఖాళీ చేశారన్నారుగా!" అని ఒక కేక. ఫోను కిందపడ్డ చప్పుడు. గేటు ఊగిన చప్పుడు. అందరికంటే ముందు వీధిలో పడింది ఓనరే. ఆయన చెప్పు ఒకటి గుమ్మంలో దొరికింది, రెండోది వీధి చివర దొరికిందంటారు. మధ్యలో ఆయన కాళ్ళు నేలకి తగల్లేదని పేపరతను ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు.

ఇల్లు చూడ్డానికి వచ్చిన దంపతులు ఇస్త్రీ కొట్టు దగ్గర ఆగి మంచినీళ్ళు తాగారు. అంతే చాలింది. తెల్లారేసరికి ఆ ఇంటి గోడలు మాట్లాడతాయనీ, అందుకే గుమస్తాగారు సోఫా కూడా వదులుకుని పారిపోయారనీ నాలుగు వీధులకి తెలిసిపోయింది.

పొద్దున్నే ఓనరు వచ్చాడు. గేటు దాటకుండా, "లోపల ఎవరైనా... ఉన్నారా?" అన్నాడు. బ్రష్షు నోట్లో పెట్టుకుని గుమస్తా తలుపు తీశాడు. వెనక నుంచి మిగతా ముగ్గురూ తొంగిచూశారు. ఓనరు కళ్ళు తేలేసి, తేరుకుని, మామ్మ వంక చూశాడు.

"రాత్రి మాట్లాడింది నువ్వా పెద్దమ్మా?"

"నేనే. అబద్ధాలాడితే ఊరుకుంటానా?"

"ఆ మాటేదో వీధిలోకొచ్చి చెప్పు తల్లీ! దయ్యాల కొంపంటున్నారు!"

"నేను రాలేను. మోకాళ్ళు."

ఓనరు మెట్టు మీద కూలబడ్డాడు. "గుమస్తాగారూ, మీరు సొంతిల్లు కొనుక్కున్నారని విన్నాను. సంతోషం. దాన్ని అద్దెకిచ్చుకోండి. మీరు మాత్రం వెళ్ళకండి. మీరూ వెళ్ళిపోతే ఈ గడప తొక్కే మనిషి ఉండడు."

గుమస్తా నోట్లోంచి బ్రష్షు తీశాడు. "సొంతిల్లేమిటండీ, మేమెక్కడ..." అన్నాడు. అక్కడితో ఆగిపోయాడు. భార్య కాలు ఆయన కాలి మీద ఉంది.

"ఆలోచించుకోవాలండీ," అంది ఆవిడ తాపీగా. "వచ్చే నెల నుంచి అద్దె పెంచుతామన్నారు కదా."

"ఎవరన్నారు?"

"మీరే."

"నేనా? ఏదో మాటవరసకి అనుంటానమ్మా. రెండేళ్ళ దాకా ఆ ఊసెత్తను."

"మరి కుళాయి?"

"ఇవాళే మనిషిని పంపిస్తా."

"గోడ? తలుపు గడియ?"

"అన్నీ చేయిస్తా. ఉంటామని ఒక్క మాట అనండి."

"ఏమంటారండీ?" అని భార్య గుమస్తా వంక తిరిగింది, అప్పుడే ఆయన్ని గమనించినట్టు. గుమస్తా గౌరవంగా తలూపాడు. అంతకంటే గౌరవంగా ఆయన జన్మలో ఊపలేదు. ఓనరు వెళ్ళాక అలవాటుగా వెనక్కి కూలబడబోయాడు. సోఫా లేదని చివరి క్షణంలో గుర్తొచ్చి, గోడకి ఆనుకుని మెల్లగా జారి నేల మీద చతికిలబడ్డాడు. గోడ చెమ్మగా, చల్లగా, హాయిగా తగిలింది.

"నాన్నా, ఏడుస్తున్నావా?" అంది కూతురు.

"గోడ తడే," అన్నాడు గుమస్తా.

ఆ సాయంత్రం ఆయనే పెట్టెలోంచి బల్బు తీసి, ముందుగదిలో పెట్టి, వీధి తలుపు బార్లా తెరిచాడు. మొదట వచ్చిన చుట్టం ఇస్త్రీ కొట్టు ఆవిడ. కాఫీ తాగి, మిషను ఎక్కడుందని ఇల్లంతా వెతికింది. మామ్మ పరుపు సర్దుకుని కదలకుండా కూర్చుంది.

రెండు నెలలు గడిచాయి. కుళాయిలో నీళ్ళు ఉరుకుతున్నాయి. అద్దె ఉన్నచోటే ఉంది. ఒకరోజు గుమస్తా డిపో నుంచి వస్తుంటే ఇస్త్రీ కొట్టు ఆవిడ కేకేసి దగ్గరికి పిలిచింది. గొంతు తగ్గించి, "అన్నయ్యగారూ, మీకేమైనా తెలుసా?" అంది. "మీ ఓనరు పేపరు మానేశాడు, బట్టలివ్వడం మానేశాడు, సాయంత్రమైతే ఇంట్లో ఒక్క బల్బే వెలుగుతోంది. ఎక్కడికి వెళ్ళిపోతున్నాడంటారు?"