మూడు వందల వాట్ల డబ్బా

పొద్దున్నే చాయ్ తాగి అజీజా బేగం ఆ రోజుకు పెట్టుకున్న పని ఒక్కటే. కొత్త కంప్యూటర్‌కు పవర్ సప్లై డబ్బా ఏది బిగించాలో తేల్చుకోవాలి. హైదరాబాదు దుకాణంవాడు చిన్నదొకటి, పెద్దదొకటి పంపాడు. ఊరి కరెంటుకు ఏది తట్టుకుంటే అది ఉంచుకుని రెండోది వాపసు చేయమన్నాడు. ఏది తట్టుకుంటుందో ఆమెకేం తెలుసు పాపం!

తిరుమలగిరిలో బేగం టైపు ఇన్‌స్టిట్యూట్ అంటే ఒకప్పుడు మాటలా! భర్త పోయినా ఆ మిషన్ల టకటక ఆమెకు తోడుగా ఉండేది. ఇప్పుడు రెండేళ్లుగా ఒక్క పిల్ల కూడా గడప తొక్కలేదు. అందరికీ కంప్యూటరే కావాలట. ఇంట్లో చడీచప్పుడూ లేక భయం వేసినప్పుడు, ఆమె మిషన్‌లో ఒక కాగితం పెట్టి, ఏం రాస్తోందో చూడకుండా తనే టకటక కొట్టుకునేది. అందుకే తన బంగారు గాజులు అమ్మి, మండలంలో ఎవరి దగ్గరా లేనంత ఘనమైన కంప్యూటర్ తెప్పించింది. దీనికీ పిల్లలు రాకపోతే ఇంటికి తాళం పెట్టి, మహబూబ్‌నగర్‌లో చెల్లెలి ఇంట్లో ఓ మూల చేరాల్సిందే.

సలహాకు మోటార్లు చుట్టే దుర్గయ్యను పిలిచింది. కరెంటు విషయంలో ఊళ్లో అతనిదే ఆఖరి మాట.

"పెద్దదే పెట్టు టీచరమ్మా. మోటర్ కాడ గూడ గంతే. చిన్నది తెచ్చినోడు ఎప్పుడైనా ఏడ్సుడే," అని దుర్గయ్య మూడు వందల వాట్లది బిగించాడు. డబ్బా వెనక చిన్న ఎర్ర స్విచ్ కనిపించింది. ఒక పక్కన 230 అని, ఇంకో పక్కన 115 అని రాసి ఉంది. మీటరు తీసి ప్లగ్గులో పెట్టి చూశాడు. బావుల దగ్గర మోటార్లన్నీ నడిచే వేళ కదా, నూట ముప్పై వోల్టులే చూపించింది.

"రెండు నూర్ల ముప్పై మనూరికి ఎన్నడొచ్చింది గనక! గిటు దిక్కు జరుపుదాం," అని స్విచ్‌ను 115 వైపు నెట్టాడు.

కంప్యూటర్ భేషుగ్గా వెలిగింది. నలుగురూ చూడాలని బేగం కిటికీలు బార్లా తెరిచింది. ముందుగా చూసింది పక్కింటి యాదమ్మ.

"అవ్వో! మా ఇంట్ల బుగ్గ మిణుకుమిణుకుమంటాంది. నీ కాడ గింత వెలుగేంది?"

"మూడు నూర్ల వాట్ల డబ్బా మరి! గుంజుకుంటది," అన్నాడు దుర్గయ్య, తానే కన్న బిడ్డ గురించి చెప్పినట్టు.

ఇంకేముంది! యాదమ్మ నోటి నుంచి ఆ మాట పొలాలకు చేరేసరికి, లైను మీది కరెంటు మొత్తం టీచరమ్మ ఇంటికే పోతోందని తేలిపోయింది. మోటార్లు మూలుగుతున్న రైతులు కాటమయ్యను ముందు పెట్టుకుని బిలబిలమంటూ వచ్చారు.

"మా కరెంటంత గుంజుకుంటివి టీచరమ్మా! నాటు ఎండుతాంది!" అని అరిచాడు కాటమయ్య.

"అరే, ముందుగాల కూసోండ్రి. జర చాయ్ పెడత," అంటూ బేగం కొంగుతో బెంచీలు తుడిచింది. ఆమెకు లోపల సంతోషమే. తిట్టడానికైతేనేం, ఇంటికి మనుషులొచ్చారు.

"చాయ్ గీయ్ వద్దు. మోటర్లన్ని బంద్ చేస్తం. అప్పటికి గూడ మా బుగ్గలు మిణుకుమంటె తప్పు నీదే."

బేగం ఒప్పుకుంది. వాళ్లలో మారయ్య సైకిల్ మీద పోయి మోటార్లన్నీ ఆపించాడు. యాదమ్మ ఇంట్లో బల్బు తెల్లగా భగ్గుమంది. అదే క్షణాన బేగం టేబుల్ మీద పెద్ద డబ్బా ఢామ్మని పేలింది. పొగ లేచింది. కాటమయ్య బెంచీ కింద దూరాడు.

"యా అల్లా! ఇగ తాళమే," అని బేగం బావురుమంది.

కాటమయ్య మెల్లగా బయటికొచ్చి పొగ వైపు చూశాడు. "మన మోటర్ల కరెంటంత ఒక్కపారి దీంట్లకే ఉరికింది. తాగలేక పలిగింది," అన్నాడు. అందరూ తలూపారు. టీచరమ్మను ఏడిపించామని మనసులో నొచ్చుకున్నారు కూడా. ఆమెను వెంటబెట్టుకుని రజాక్ ఎస్టీడీ బూత్‌కు పోయి, తలుపు బయట నిలబడ్డారు.

దుకాణంవాడు ఫోన్లో అంతా విని నెత్తి కొట్టుకున్నాడు. "మోటార్లు ఆగితే కరెంటు పూర్తిగా వస్తుంది కదమ్మా, 115 మీద పెడితే పేలదా? ఆ చిన్న డబ్బా బిగించి, స్విచ్ 230 మీదే ఉంచి, స్టెబిలైజర్ పెట్టుకోండి. అయినా ఏ డబ్బా అయితేనేం, కంప్యూటర్‌కు కావల్సినంతే తీసుకుంటుంది. మహా అయితే రెండు మూడు బల్బుల పాటి."

బేగం ఫోన్ పెట్టి బయటికొచ్చింది.

"ఏమన్నడు టీచరమ్మా?" అన్నాడు కాటమయ్య. "చిన్నది గూడ గుంజుతదంటె చెప్పు, ఇంటికో పిల్లను నీ కాడ ఆ డబ్బాకు కావలి కూసోపెడతం. గుంజదంటె మా తొవ్వ మాది, నీ తొవ్వ నీది."

బేగం అందరి ముఖాలూ చూసింది. వీళ్లు వెళ్లిపోయాక ఆ ఇంట్లోకి మళ్లీ ఒక్కతే పోవాలి. తలుపు తీసినా అడిగేవాళ్లు ఉండరు, వేసినా అడిగేవాళ్లు ఉండరు.

"గుంజుతది," అంది. "బాగనే గుంజుతది కాటమయ్యా."

ఆ రాత్రే దుర్గయ్య చిన్న డబ్బా బిగించి, స్టెబిలైజర్ తగిలించాడు. మర్నాడు పొద్దున కాటమయ్య బిడ్డ అండాలు మొదట వచ్చింది. వెనకే యాదమ్మ మనవరాలు, మారయ్య బిడ్డలు, ఇంకా పేర్లు తెలియని పిల్లలు వచ్చి బెంచీల మీద ఇరుకిరుగ్గా కూర్చుని డబ్బా వైపు గుడ్లప్పగించారు. ఊరికే చూస్తూ కూర్చుంటే కాళ్లు తిమ్మిరెక్కుతాయని బేగం ఒక్కొక్కరినే పిలిచి కీబోర్డు మీద వేళ్లు పెట్టించింది. ఇల్లంతా గలగల.

సాయంత్రం ఆమె ఒక్కతే బూత్‌కు పోయి, దుకాణంవాడికి ఫోన్ చేసి, మూడు వందల వాట్ల కన్నా పెద్ద డబ్బా ఏమైనా ఉందా అని అడిగింది.