వాషర్ నిర్ణయ సంఘం

సంచాలకుల వారి కారుకు ఆయిల్ మార్చాల్సి ఉన్నందున, ఆయిల్ దించే బోల్టుకు ఏ వాషర్ వేయాలో తేల్చడానికి ముగ్గురు సభ్యుల సంఘాన్ని నియమించినట్టు కార్యాలయం నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. చదివినవాళ్లెవరూ నవ్వలేదు. అందరూ ఉద్యోగస్తులే మరి.

నవ్వు వచ్చినవాడు షెడ్డు మేస్త్రి ఒక్కడే. ఇరవై రెండేళ్లుగా ఆ కార్యాలయం బండ్ల కింద వెల్లకిలా పడుకుని పనిచేస్తున్న మనిషి. వాషర్ అంటే బోల్టు తలకీ ఆయిల్ చాంబరుకీ మధ్య నలిగి, చుక్క కారకుండా ఆపే చిన్న బిళ్ల. దాన్ని ఎంచడానికి అతనికి పట్టే సమయం డబ్బాలో చెయ్యి పెట్టి తీసేంత.

తోటల విభాగాధికారిని సంఘాధ్యక్షుడిగా వేశారు. కార్యాలయం ముందున్న పొదలను ఆయన గుండ్రంగా కత్తిరించే తీరు చూసినవారెవరూ గుండ్రటి వస్తువుల్లో ఆయన పాండిత్యాన్ని శంకించరు. రెండోవారు న్యాయ సలహాదారు. మూడో సభ్యురాలు గ్రంథాలయాధికారిణి. కారెక్కితే ఆమెకు కళ్లు తిరుగుతాయి కనుక నిష్పాక్షికంగా ఉంటారని తీసుకున్నారు.

వాషర్ గుండ్రంగానే ఉండాలా అన్న అంశం మీద మొదటి సమావేశం రెండు గంటలు నడిచి, ఉండాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. పాత వాషర్ మీద ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ రాలేదు కనుక దాన్నే కొనసాగించాలని రెండో సమావేశంలో న్యాయ సలహాదారు వాదించారు. ఇలా ఆరు వారాలు గడిచాక మేస్త్రిని పిలిపించి, నిలబెట్టి అభిప్రాయం అడిగారు.

"పాతది నలిగిపోయి ఉంటుంది సార్, పనికిరాదు. అది పద్నాలుగు ఎం.ఎం. బోల్టు. దానికి సరిపోయే రాగి వాషర్ కొత్తది వేసి, మరీ బలంగా కాకుండా బిగిస్తే చాలు. పావుగంట పని."

ఆరు వారాల కృషిని పావుగంట పని అనడం సభ్యుల మనసుల్ని గాయపరిచింది. అధ్యక్షుడు లేచి కోటు సవరించుకున్నారు.

"గుమస్తా బండికీ పద్నాలుగే, సంచాలకుల వారి బండికీ పద్నాలుగేనా? హోదా అంటూ ఒకటి ఏడ్చింది కదా మేస్త్రీ! పదహారు వెయ్యి. రాగి నల్లబడుతుంది, తళతళలాడేది చూడు."

"వదులైపోతుంది సార్. నూనె కారుతుంది."

"కారితే ఇంకాస్త గట్టిగా బిగించు. అది నీ పని. ఎంపిక మా పని."

చప్పట్లు, మూడు సంతకాలు, ఒక ముద్ర. మేస్త్రి ఆ కాగితం జేబులో పెట్టుకుని కారు కింద దూరాడు. బిగిస్తున్నంతసేపూ తన చేతికి తానే అబద్ధం చెబుతున్నట్టు ఉంది. చివరి తిప్పుకి బోల్టు మర తెగింది. బండి తీయవద్దని వెంటనే రాసిచ్చాడు. ఆ కాగితం మీద "అందినది" అని ముద్ర కొట్టి ఫైల్లో పదిలపరిచారు.

మూడో రోజు నడిరోడ్డు మీద బోల్టు ఊడింది. నూనె మొత్తం కారిపోయి ఇంజన్ పట్టేసింది. సంచాలకుల వారు మిగిలిన దూరం నడిచి వెళ్లగా, ఆరోగ్యం పట్ల వారి శ్రద్ధను పత్రికలు ఫొటోతో సహా ప్రశంసించాయి. విచారణను, ఈపాటికి విషయం మీద పట్టు సాధించి ఉంటారని, అదే సంఘానికి అప్పగించారు. నివేదిక క్లుప్తంగా వచ్చింది: సభ్యులకు వాషర్ల గురించి ఏమీ తెలియదు కనుక వారు నిర్దోషులు. మేస్త్రికి అంతా తెలుసు. తెలిసీ వేశాడు కనుక దోషి.

మధ్యాహ్నానికే పనిముట్ల పెట్టెతో ఇల్లు చేరిన భర్తను చూసి మేస్త్రి భార్య నెత్తి కొట్టుకుంది. "అందరిలాగా నాకూ తెలియదండీ అని ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోయేది?" తనకొచ్చిన పనికి సిగ్గుపడటం అతనికి అదే మొదటిసారి.

నెల తిరక్కుండా వీధి మలుపులో సొంతంగా రేకుల షెడ్డు వేసుకున్నాడు. మొదట న్యాయ సలహాదారు కారు వచ్చింది. తర్వాత ఒక సెలవురోజు టోపీ కళ్ల మీదికి లాక్కుని అధ్యక్షుడే స్వయంగా దిగారు.

"కొత్త కారు మేస్త్రీ. పద్నాలుగో పన్నెండో నాకేం తెలుసు? నీకు తెలిసిందే వెయ్యి."

మేస్త్రి పానా పట్టుకుని ఆగాడు. "ఆ రోజు కూడా ఈ మాటే అనుంటే సరిపోయేది కదండీ?"

అంత అనుభవం ఉన్నవాడికి ఇంత చిన్న విషయం తెలియకపోవడం అధ్యక్షుడికి జాలి కలిగించింది.

"అది ఆఫీసు బండి కదయ్యా! ఇది నాది."