పేరు రాయని పంజా ముద్రలు

ఒక పెద్ద అడవిలో చాలా చిన్న బుద్ధి ఒకటి మంత్రిగా ఉండేది. ఆ బుద్ధి ఉన్న నెమలి పేరు నీలధ్వజ దొర. ఆయన ముత్తాత తోకలోంచి రాలిన ఈకను ఏనాటి మహారాజో జూలులో పెట్టుకున్నాడట. ఆ ఒక్క ఈక పుణ్యాన నాలుగు తరాలుగా ఆ ఇంట్లో అందరూ మంత్రులే. పని చేసిన పాపాన మాత్రం ఒక్కరూ పోలేదు.

దొరకు అక్షరం ముక్క రాదు. అందుకాయన సిగ్గుపడేవాడు కాదు సరికదా, మీసం లేకపోయినా మెలేసేవాడు. "చదవడం, రాయడం గుమాస్తాల పని. మా వంశంలో ఎవరికీ ఆ రోగం లేదు" అనేవాడు.

సింహరాజుకు వేటా నిద్రా తప్ప మూడో పని గిట్టదు. ఒకనాడు దొర మెల్లగా, "మహాప్రభో! ప్రతి ఆజ్ఞకూ ముద్ర వేయడం తమకు శ్రమ. ఓ వంద బెరడు ముక్కల మీద ఒకేసారి వేసి పారేయండి. పేర్లు నేను రాయించుకుంటాను" అన్నాడు.

సింహరాజు ఆవలిస్తూనే పంజాను ఎర్రమట్టిలో ముంచి వందా వేసేశాడు.

ముద్ర పడ్డ ముక్క మీద ఎవరి పేరుంటే వాళ్లు కొండగుహలోకి పోవాలి. కారణం అడగకూడదు, విచారణ ఉండదు. ఆ రూలూ దొరదే. వాగు ఎండిపోయిందేమని అడిగిన ముంగిస పోయింది. దొర నాట్యం చేస్తుంటే నిద్రపోయిన కుందేలు పోయింది. దొర కంటే పై కొమ్మ మీద కూర్చున్నందుకు ముసలి గుడ్లగూబ పోయింది. పేర్లు చెక్కేది వడ్రంగిపిట్ట గుమాస్తా.

ఒకరోజు సింహరాజు కళ్లు నులుముకుని, "దర్బారు ఇంత పల్చబడిందేమిటి? రేపు కనుక్కుంటాను" అన్నాడు.

దొర లోలోపల లెక్క వేసుకున్నాడు. అన్ని పేర్లూ తెలిసినవాడు గుమాస్తా ఒక్కడే. వాణ్ణి రాజు పిలిచి అడిగితే పదవి గోవిందా!

"ఒరే, ఇంకో ముక్క తియ్యి. నీ పేరు చెక్కు" అన్నాడు.

వడ్రంగిపిట్ట కాళ్ల మీద పడింది. "దొరగారూ, గూట్లో నాలుగు గుడ్లున్నాయండీ. మా ఆడది ఒక్కతే ఎలా పొదుగుతుందండీ?"

"మీబోటి వాళ్ల గుడ్లు మొండివిరా, వాటంతటవే పిల్లలవుతాయి. చెక్కు!"

ఉరి తీసేవాడైనా తాడు తానే తెచ్చుకుంటాడు. ఈ మహానుభావుడికి అదీ పరాయివాడే పేనిపెట్టాలి.

పిట్ట ముద్ర పడ్డ ముక్క ఒకటి తీసింది. టకటకా చెక్కేసింది. దొర ముక్కను అటూ ఇటూ తిప్పి, "వంకర లేకుండా చెక్కావురా" అని మెచ్చుకుని, జమాదారు ఎలుగుబంటికి స్వయంగా అందించాడు.

ఎలుగుబంటి కూడబలుక్కుని చదివింది. "నీ... ల... ధ్వజ... దొర." చదివి, దొర మెడ పట్టుకుంది.

"ఒరే మూర్ఖుడా! ఇది పొరపాటు!"

"అందరూ అదే అంటారు దొరగారూ. నడవండి."

"మహారాజా, రక్షించండి!"

సింహరాజు ఒక కన్ను తెరిచాడు. "ముద్ర నాదేనా?"

"తమరిదే ప్రభూ" అంది ఎలుగుబంటి.

"అయితే ఏదో ఆలోచించే వేసుంటాను" అని ఆ కన్నూ మూసుకున్నాడు.

గుహలో ముంగిస ఎదురొచ్చింది. "దయచేయండి దొరగారూ! ఇన్నాళ్లుగా మీ కోసమే చూస్తున్నాం."

అడవిలో మంత్రి లేడన్న సంగతి ఆర్నెల్ల దాకా ఎవరికీ తెలియలేదు.

నీతి: చదువు రాకపోయినా మంత్రిగిరీ చెయ్యొచ్చు, కానీ గుమాస్తాగా కూడా చదువు రానివాణ్ణే పెట్టుకోవాలి.