మైకు మాసయ్య మౌనవ్రతం

మీరిద్దరే! ఇంకెవరూ కాదు. బాలన్నా, ఆ చాయ్ గిన్నె దించి ఇటు చూడు. ఇస్రాయేలూ, ఆ లారీ కింద నుంచి బయటికి రా. నా సముద్రాన్ని నాకు కాకుండా చేసింది మీరిద్దరే. కొత్తకోట హైవే మీద నిలబడి, వచ్చీపోయే బస్సులన్నీ వినేలా చెప్తున్నాను.

నవ్వకండి. ముందు వినండి.

మా నాయన బొంబాయికి మట్టిపనికి పోయి వచ్చిన మనిషి. వాన లేని ఏడాది మా వీపనగండ్ల దిక్కు నుంచి సగం జనం అటే పోయేవారు. తిరిగొచ్చాక నన్ను పక్కన కూర్చోబెట్టుకొని సముద్రం గురించి ఒకటే మాట చెప్పేవాడు. "దానికి అవతలి ఒడ్డు లేదు బిడ్డా." నాకు అర్థమయ్యేది కాదు. బావికి ఒర ఉంది, చెరువుకు కట్ట ఉంది, పొలం పంచుకున్న పాలోళ్ల పగకు కూడా ఏదో ఒకనాడు రాజీ ఉంది. ఒడ్డే లేనిది ఎట్లా ఉంటుంది?

అప్పటి నుంచి అదే కల. వేరుశనగ చేను మీద గాలి తిరిగి ఆకులు ఒక పక్కకు వాలితే చాలు, గట్టు మీద చతికిలబడి కళ్లు సగం మూసేవాణ్ణి. చేనంతా అలలై నా కాళ్ల దాకా వచ్చి, కాళ్లను ముట్టుకొని, వెనక్కి పోయేది.

"కలుపు ఎవరు తీస్తరు, నీ తాతనా?" అని నా పెండ్లాం జములమ్మ గొంతు వినబడగానే అలలన్నీ మళ్లీ ఆకులయ్యేవి.

అట్లాంటి నా చెవిన సోమశిల శిబిరం సంగతి పడింది. కయాక్ అంటారట. సన్నటి పడవ, మనిషి నడుము దాకా అందులో దూరి కూర్చుంటాడు. తెడ్డుకు రెండు కొసలా రెక్కలు. ముందు ఐదు రోజులు సోమశిల దగ్గర కృష్ణలో నేర్పుతారు. ఆ తర్వాత బాపట్ల దిక్కు తీసుకుపోయి సముద్రపు అలల మీద నేర్పుతారు. అయితే మన దిక్కు నుంచి సముద్రానికి ఒక్కరికే సీటు. ఆ ఒక్కడూ నేనే కావాలి. వేరే మాట లేదు.

మరి ఇంట్లో ఏం చెప్పాలి? కలుపు కాలం. పైగా బర్రె ఉంది. దాని పేరు ధనలక్ష్మి. ఎన్నిసార్లు దవాఖానకు తోలుకుపోయినా చూడి కట్టక మమ్మల్ని సతాయిస్తోంది. "పడవ నేర్చుకోను పోత" అంటే జములమ్మ నన్ను ఆ బర్రె పక్కనే కట్టేసి గడ్డి వేస్తుంది.

అప్పుడు మీ దగ్గరికి వచ్చాను. ఇస్రాయేలూ, ఏమన్నావు నువ్వు?

"మావోళ్లు ఉపవాస ప్రార్థనకు కూసుంటే ఇంట్లకెళ్లి ఒక్క ఫోన్ రాదన్నా. మీ తాన గసొంటిది ఏం లేదా?"

బాలన్నా, నువ్వు అందులో చక్కెర కలిపావు. "మౌనవ్రతం పట్టురా! మాట్లాడనోనికి ఫోన్ ఎవరు చేస్తరు?"

కాలువ నీళ్లకు, బస్సుకు, కరెంటుకు, ఎక్కడ ధర్నా జరిగినా మైకు నా చేతిలోనే ఉంటుంది. మండలమంతా నన్ను మైకు మాసయ్య అని పిలుస్తుంది. మైకుకు మౌనవ్రతం పట్టమని చెప్పినవాళ్లు స్నేహితులా?

సరే, విన్నాను. ఆ పొద్దు మునగకముందే ముఖాన ఇంత విభూతి పూసుకొని అరుగు మీద కూర్చున్నాను.

"ఏంది, ఎవరన్న పోయిండ్రా?" అంది జములమ్మ.

"మొక్కుకున్ననే. మన ధనలక్ష్మి చూడి కట్టాలని. సోమశిల దేవుని తాన ఐదొద్దులు కృష్ణల ఉండాలె. మౌనవ్రతం పట్టాలె."

"ఎవరు? నువ్వా?"

"అవ్."

"ఐదొద్దులు నోరు మూసుకుంటవా?"

"అవ్వే."

జములమ్మ ఆకాశం దిక్కు తిరిగి రెండు చేతులూ ఎత్తింది. "ఇన్నేండ్లకు నా మొర విన్నవా స్వామీ!"

నేను గొంతు సవరించుకొని అసలు ముక్క చెప్పాను. "ఫోన్ గిట్ల చేయొద్దు. ఒక్క మాట జారినా మొక్కు చెడుతది. బర్రె ఎప్పటికీ చూడి కట్టదు."

"నేనెందుకు ఫోన్ చేస్త? నేను గూడ వస్తున్న గద."

"నువ్వెందుకే?"

"పెండ్లయినోడు మొక్కుకుంటే ఆలుమొగలు ఇద్దరు కొంగులు ముడేసుకొని మునగాలె. ఒక్కడు మునిగితే సగం మొక్కే అయితది. సగం మొక్కుకు సగం దూడ పుడితే ఎవరు సాకుతరు?"

మండలాఫీసు ముందు ఎంతమంది సార్ల నోళ్లు మూయించాను నేను! ఈ సగం దూడ ముందు మాత్రం నేనే సంచి సర్దుకున్నాను. ధనలక్ష్మిని పక్కింటి అలివేలమ్మకు అప్పజెప్పి ఇద్దరం బస్సెక్కాం.

కొల్లాపూర్ దాటి కొంచెం దూరం పోయాక కృష్ణ కనబడింది. కొండల నడుమ నిద్రలో ఉన్నట్టుంది నది. అవతలి గుట్టలు పొద్దుటి మంచులో కరిగిపోయాయి. ఒక్క నిమిషం నిజంగానే ఒడ్డు లేదు. ఎంత దూరం చూసినా నీళ్లే, నీళ్ల మీద వెలుగే. "ఆహా" అనబోయాను. జములమ్మ వేలు నా పెదాల మీద పడింది.

"నది కనబడ్డది. వ్రతం మొదలు."

కొంగులు ముడివేసుకొని మునిగాం. తడిబట్టలతో పైకి వచ్చేసరికి ఒడ్డున కయాక్‌లు ఎర్రగా, పచ్చగా ఎండకు ఆరబెట్టిన చేపల్లా పడుకొని ఉన్నాయి. నేర్పే పిల్ల పేరు మనీషా. వనపర్తి పిల్లే. మెడలో ఈల, కళ్లలో మెరుపు.

"మాసయ్య అన్న ఎవరు?"

చెయ్యెత్తాను.

"నువ్వేనా అన్నా? ఫోన్ల గంటసేపు దంచినవ్ గద, పుట్టి నడిపిన మనిషిని, సముద్రం సీటు నాకే రాసిపెట్టుండ్రి అని! ఇప్పుడేంది, గొంతు పోయిందా?"

నా గుండె నదిలో జారిపడింది. జములమ్మ నా దిక్కు చూడలేదు. పాలు పొంగే ముందు పొయ్యి దగ్గర నిలబడతారే, అట్లా కాసేపు నిలబడింది.

"గొంతు దేవునికి ఇచ్చిండమ్మా. మొక్కు," అంది. "ఆయన చేతులతోటి ఏమన్న చెప్తే నన్నడుగు. ఏందనేది నేను చెప్త."

పడవ ఎక్కడం కూడా మొక్కులో భాగమేనని నేను నీళ్లు చూపించాను, ఆకాశం చూపించాను, నెత్తి మీద రెండు వేళ్లు పెట్టి బర్రె కొమ్ములు చూపించాను. "ఓహో, గట్లనా" అని తలూపింది. పిచ్చిది, నమ్మింది అనుకున్నాను.

పుట్టి నడిపిన మాట నిజమే. బీచుపల్లి దగ్గర ఎప్పుడో ఒకసారి. కానీ పుట్టి గంప లెక్క గుండ్రంగా ఉంటుంది. దానికి ముందూ వెనకా లేదు, తిరిగినా పరువు పోదు. కయాక్‌కు ముక్కుంది. పుట్టిలో లాగినట్టు ఒక పక్కనే లాగాను. పడవ ఒడ్డు దిక్కు తిరిగింది, నది దిక్కు తిరిగింది, మళ్లీ ఒడ్డు దిక్కు తిరిగింది. ప్రతి తిప్పులో ఒకసారి జములమ్మ కనబడేది. ప్రతిసారీ దండం పెడుతూ కనబడేది.

"అన్నా, రెండు దిక్కుల వెయ్యి! తెడ్డును జెండా లెక్క పైకెత్తకు!" అని మనీషా ఈల ఊదింది.

అన్నం కాడ ఇంకో కథ. సోమశిల చేపల వేపుడు వాసనకు నది కూడా ఒడ్డుకొచ్చి చూస్తుంది. నా పళ్లెం జరిపాను. జములమ్మ దాన్ని వెనక్కి లాగి పెరుగన్నం పెట్టింది.

"వ్రతంల నీసు ముట్టొద్దు. నీ ముక్కలు గూడ నేనే తింట, ఆ పాపం నాకే రానీ."

మరునాడు పడవ తిరగబడితే బయటపడటం నేర్పారు. "భయపడొద్దు. ముందుకు వంగు. పడవ అడుగును చేత్తో తట్టు. ఎదురుగున్న పట్టీ గుంజితే నడుము కాడి మూత ఊడుతది. జారి బయటికొచ్చెయ్," అని మనీషా చెప్పింది. చెప్పి, నన్ను బోర్లా తిప్పింది.

బాలన్నా, ఆ లోపల ఏముందో చెప్పనా? పచ్చటి వెలుగు. చప్పుడు లేదు. నా చేతులు నావి కానట్టు తేలుతున్నాయి. ఎన్ని ధర్నాలు, ఎన్ని నినాదాలు, అన్నీ బుడగలై మెల్లగా పైకి పోతున్నాయి. ఎక్కడో మా నాయన నడుము దాకా నీళ్లలో నిలబడి, తట్ట నెత్తిన పెట్టుకొని, నన్ను చూసి నవ్వుతున్నాడు. ఇదే సముద్రమేమో, ఇక్కడే ఉండిపోదామా అనిపించింది.

పట్టీ గుంజడం మరిచాను. మనీషా నన్నూ పడవనూ కలిపి తిరగేసింది. పైకి రాగానే "అమ్మో!" అని అరిచాను.

అందరూ మా దిక్కు తిరిగారు. జములమ్మ తాపీగా చెప్పింది. "అది మాట కాదమ్మా, నీళ్లు మింగిన సప్పుడు. బర్రెకు ఏం కాదు."

మనీషా నవ్వి, "అక్కా, ఊకె కూసున్నవ్. ఒక్కపారి నువ్వెక్కు," అంది.

వద్దు వద్దని నేను రెండు చేతులూ ఊపాను.

"చూసినవా, ఎంత సంబురమో! ఎక్కు ఎక్కు అంటుండు," అని జములమ్మ చీర గోచి పెట్టి, కొంగు నడుముకు చుట్టి పడవలోకి దిగింది.

ఆమెకు అది ఎట్లా పట్టుబడిందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. "నడుము వదులుగ, తల నిలకడగ ఉండాలె" అని మనీషా అంటే, "నీళ్ల బిందెతో గట్టు మీద నడిచినట్టే గద" అంది. అంతే. నడుము కింద పడవ ఊగుతోంది, పైన మనిషి దీపంలా నిలకడగా ఉంది. పొద్దువాలే వేళ నది బంగారమైతే, ఆ బంగారం మీద సన్నటి గీత గీసుకుంటూ పోయింది. తోడుగా మనీషా పడవ. నేను ఒడ్డున కూర్చొని నోరు తెరుచుకొని చూశాను. పెండ్లయి ఇన్నేళ్లలో నేను మాట్లాడకుండా ఆమెను చూసింది అదే మొదటిసారి.

కానీ సీటు సీటే! చివరి రోజు అందరినీ నిలబెట్టి మనీషా అడిగింది. "సముద్రానికి మీ దిక్కు నుంచి ఒక్కరే. మాసయ్యన్నా, అక్క నీకన్న మంచిగ నేర్చింది. కానీ ముందు అడిగింది నువ్వు. నువ్వెట్ల అంటే గట్ల."

నేను, నేనేనని గుండె మీద దబదబ బాదుకున్నాను.

"ఏమంటుండక్కా?"

జములమ్మ కళ్లొత్తుకుంది. "నా గుండె నిండ నా పెండ్లామే ఉంది, ఆమెనే తోల్కపోండ్రి అంటుండు."

చప్పట్లు! ఒకామె ఏడ్చింది కూడా. నేను తల అడ్డంగా ఊపాను.

"ఆమెకు బదులు వేరేటోళ్లను పంపితే ఒప్పుకోను అంటుండు."

ఇక లాభం లేదని నోరు తెరిచాను. జములమ్మ దగ్గరికొచ్చి, నాకొక్కడికే వినబడేటట్టు అంది.

"మాట్లాడు. మొక్కు అబద్ధమైతే మాట్లాడు."

మూశాను.

బాపట్ల పోయే బస్సు మెట్టు మీద నిలబడి అప్పుడు చెప్పింది అసలు సంగతి. "ధనలక్ష్మి చూడి కట్టి రెండు నెల్లాయె. పశువుల డాక్టరు ఆనాడు పొద్దుగాలనే వచ్చి చెప్పిండు. నీకు చెప్దామని వచ్చేవరకు నువ్వు విభూతి పూసుకొని కూసున్నవ్."

నేను నిలువునా తిరగబడ్డాను. ఈసారి గుంజడానికి పట్టీ కూడా లేదు.

"ఊరందరి కోసం మైకు పడ్తవ్," అంది. గొంతులో నవ్వు లేదు. "సముద్రం చూస్తవా జములా అని నన్ను ఏనాడన్న అడిగినవా? మీ నాయన ముచ్చట నువ్వు చెప్తుంటే నేను గూడ ఇన్న గద. నేను గూడ కల కన్న గద."

బస్సు పోయింది. మౌనవ్రతం అప్పుడు నిజంగా పట్టింది నన్ను.

నిన్న పొద్దుగూకే వేళ ఫోన్ మోగింది. ధనలక్ష్మికి గడ్డి వేస్తున్నాను.

"జములా! ఎట్లుందే? ఎంత పెద్దగుంది? అవతలి ఒడ్డు..."

"ష్. మాట్లాడకు. ఇను."

ఫోన్‌ను నీళ్ల దిక్కు పట్టినట్టుంది. ఏదో పెద్ద ప్రాణి నిద్రలో ఊపిరి పీల్చి, వదిలి, మళ్లీ పీల్చినట్టు చప్పుడు. ధనలక్ష్మి కూడా నెమరు ఆపి చెవులు నిక్కించింది. మా కొట్టంలోకి సముద్రం వచ్చింది, నా కాళ్లను ముట్టుకుంది, వెనక్కి పోయింది.

చాలాసేపటికి జములమ్మ గొంతు వినబడింది. "మీ నాయన నిజమే చెప్పిండు. అవతలి ఒడ్డు లేదు. ఇవతలి ఒడ్డు మీద నేనొక్కదాన్నే కూసున్న." మళ్లీ తనే, "ఇద్దరు కూసునే పడవ గూడ ఉన్నదంట. మనీషా చూపించింది," అంది.

కాబట్టి వినండి, నా సంసారాన్ని నీళ్లలో ముంచిన పెద్దమనుషులారా. నా డిమాండ్ ఇది. వచ్చే శిబిరంలో మా ఆలుమొగలకు ఆ ఇద్దరి పడవ ఇవ్వాలి. కొంగుముడితో పోతాం, సగం సముద్రం మాకొద్దు. ఇస్రాయేలూ, మనీషా బాపట్ల నుంచి తిరిగి రాగానే నాతో సోమశిలకు వచ్చి అడగాల్సింది నువ్వు. బాలన్నా, మేం తిరిగొచ్చేదాకా ధనలక్ష్మిని నీ హోటల్ వెనక కట్టేసుకొని సాకాల్సింది నువ్వు. కాదన్నారో, ఇదే హైవే మీద, ఇదే చాయ్ బల్ల మీద కూర్చుంటాను. రాస్తారోకో చేస్తాను, వంటావార్పూ చేస్తాను, నిరాహార దీక్ష కూడా చేస్తాను.

మౌనదీక్ష తప్ప.