పదివేల మంది చూసిన చావు

ఆ రోజు పొద్దున జలపతి పసుపు గురించి రాయాలనుకున్నాడు. పసుపు కొమ్ములు ఎంతసేపు ఉడకబెట్టాలి, ఆరబోసినప్పుడు వాన పడితే ఏం చేయాలి, ఇలాంటివి. ఈ ఒక్క వ్యాసంతో తన వెబ్‌సైటు దశ తిరుగుతుందని అతని నమ్మకం. మక్కజొన్న గురించి రాసిన రోజూ, మామిడిపూత గురించి రాసిన రోజూ కూడా ఈ నమ్మకమే ఉండేది గనక దాన్ని మనం పెద్దగా పట్టించుకోనక్కర్లేదు.

జలపతి పదకొండేళ్లు షార్జాలో సెంట్రింగ్ పని చేశాడు. సెలవు మీద మల్లాపూర్ వచ్చి ఐదు నెలలు దాటింది. ఆరు నెలల్లోపు తిరిగి వెళ్లకపోతే వీసా చచ్చిపోతుంది. చస్తే చావనీ అని అతని ఉద్దేశం. షార్జా క్యాంపులో పైమంచం మీద పడుకుని శుక్రవారాలన్నీ ఇంట్లో కూర్చుని సంపాదించే వీడియోలు చూసినవాడు కదా. రాగానే జగిత్యాలలో పాత ల్యాప్‌టాప్ ఒకటి కొని "మన మల్లాపూర్" అని సైటు పెట్టాడు. మండలం సంగతులు గల్ఫులో ఉన్న మండలం వాళ్లకు చేరవేయడం, వాళ్లు చూస్తుంటే ప్రకటనల మీద బతకడం, ఇదీ ఆలోచన. హైదరాబాదులో ఒక ప్రకటనల కంపెనీ సరేనంది కూడా. ఒక్కరోజులో పదివేల మంది చూసినట్టు రుజువు చూపించమంది. అప్పటికి రోజుకు చూసేవాళ్లు నలభై మంది.

"పదివేలు దాటితె నేను పోను" అని భార్య శోభకు మాటిచ్చాడు.

శోభ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ, "రాజన్న దేవునికి కోడె కడ్తనని మొక్కుకున్న. ఇగ నువ్వూ, ఆ రాజన్న సూస్కోండ్రి" అంది. పెళ్లయి పన్నెండేళ్లయినా మొగుడితో కలిసి ఉన్నది అన్నీ కలిపితే మూడేళ్లు కూడా లేదు. అందుకే ఆమె ఈ సైటును నవ్వకుండా చూసేది. ఊళ్లో నవ్వని మనిషి ఆమె ఒక్కతే.

పసుపు వ్యాసానికి మొదటి మాట కూడా పడకముందే వాకిట్లోంచి తల్లి రాజవ్వ కేక వినిపించింది. గద్దె మీద కూర్చుని వేపపుల్ల నములుతున్న తండ్రి లచ్చయ్య నెత్తి మీద కాకి తన్నిపోయింది. లచ్చయ్య యాభై ఏళ్లు ఈతచెట్లు, తాటిచెట్లు ఎక్కి కల్లు గీసిన మనిషి. ఏ చెట్టు మీదా ఏమీ కాలేదు గానీ, ఇంటి వాకిట్లో ఈ గండం వచ్చిపడింది.

కాకి తన్నడమంటే ఆ వైపు వాళ్లకు చావు కబురే. దానికి విరుగుడు ఉంది. మనిషి పోయాడని దగ్గరివాళ్లకు అబద్ధం కబురు పంపాలి. విన్నవాళ్లు నిజమని నమ్మి నాలుగు కన్నీటిబొట్లు రాల్చాలి. దాంతో చావు వచ్చి పోయినట్టే. తర్వాత నిజం చెబితే అందరూ నవ్వుకుని ఊరుకుంటారు.

"రంజిత్‌కు చెప్పద్దు. పరాయి దేశంల ఉన్నోణ్ని ఏడిపియ్యద్దు" అని రాజవ్వ ముందే గట్టిగా చెప్పింది. రంజిత్ చిన్నకొడుకు, దుబాయిలో రొట్టెల కంపెనీ బండి నడుపుతాడు. అందుకని ఆమె బోయినపల్లిలో ఉన్న కూతురు సత్తవ్వకు ఫోన్ చేసింది.

"బిడ్డా, మీ బాపు పోయిండే."

"అవ్వా, కాకి తన్నిందా ఏంది?"

"అవునే, తన్నింది. నీకెట్ల ఎరుకైంది?"

"నువ్వు ఏడ్వకుంట చెప్తివి గదా" అని సత్తవ్వ నవ్వింది.

చావు కబురు విని నవ్వితే గండం పోవడం అటుంచి రెట్టింపవుతుందని రాజవ్వకు గుబులు పట్టుకుంది. అప్పుడు జలపతికి బుద్ధి పుట్టింది. కొన్ని బుద్ధులు పుట్టకపోతేనే మేలు.

"అవ్వా, ఫోన్ల చెప్తె అనుమానపడ్తరు. రాతల అస్తె నమ్ముతరు. నా సైటుల పెడ్త. అర్ధగంట ఉంచి తీసేస్త."

"నీ దాంట్ల పెడితె ఎవలన్న సూస్తరా కొడుకా?" అంది రాజవ్వ. ఎగతాళి కాదు, ఆమె నిజంగానే అడిగింది. ఆ మాట జలపతికి ఎక్కడో తగిలింది. పట్టుబట్టి కూర్చుని, తండ్రి తలపాగా చుట్టుకున్న ఫోటో వెతికి తీసి, "అందరికీ కల్లు పోసిన చెయ్యి ఆగిపోయింది. లచ్చయ్య గౌడ్ ఇక లేరు" అని రాసి పెట్టేశాడు. రాయడం అతనికి రాదనుకునేరు. తండ్రి గురించి రాసిన ఆ పది వాక్యాలూ పసుపు, మక్కజొన్న, మామిడి అన్నీ కలిపినదానికంటే బాగున్నాయి.

పది నిమిషాలు తిరక్కుండా కోరుట్ల నుంచి లచ్చయ్య తమ్ముడి వరస సాంబయ్య ఫోన్ చేసి బావురుమన్నాడు. రాజవ్వ తృప్తిగా విని, "గండం పోయింది, ఊకో సాంబయ్య. మీ అన్న చాయ్ తాగుతున్నడు" అని చెప్పింది. తర్వాత కొడుకు గదిలోకి తొంగి చూసి, "పనైపోయింది, తీసెయ్యి" అంది.

"తీసేస్తున్న."

చేయి కూడా చాపాడు. అయితే సాంబయ్య ఏడవడానికి ముందే దాన్ని గల్ఫు గ్రూపులన్నిటికీ పంపేశాడు. జలపతి కళ్ల ముందే సైటు చూసేవాళ్ల అంకె మూడు వందలు దాటింది, కన్ను మూసి తెరిచేలోపు ఐదు వందలయింది. ఐదు నెలలుగా నలభై దగ్గర కూలబడ్డ అంకె అది. ఇంకో ఐదు నిమిషాలు చూద్దామనుకున్నాడు. ఆ ఐదు నిమిషాలూ మధ్యాహ్నం మూడు దాటేదాకా సాగాయి.

మస్కటులో, బహ్రెయిన్‌లో, దోహాలో ఉన్న మల్లాపూర్ మగవాళ్లలో లచ్చయ్య చేతి కల్లు తాగనివాడు అరుదు. విమానం ఎక్కే ముందురోజు ఈతవనానికి వెళ్లి ఆయన దగ్గర ఆకు దొప్ప పట్టి కల్లు తాగిపోవడం వాళ్లకు ఆనవాయితీ. ఒక్కొక్కరే రాయడం మొదలుపెట్టారు. జలపతి కూతురు లత వాకిట్లో తాత పక్కన కూర్చుని, ఫోనులో అవన్నీ చదివి వినిపించింది.

"దేవదాస్ ఏమన్నడు? మల్ల ఒకసారి చదువు బిడ్డా."

"'నేను ఏడ్సుకుంట పోతుంటె లచ్చయ్య తాత నా ఎంబడి బస్సుదాకా అచ్చిండు. మా నాయిన గూడ రాలే' అని రాసిండు తాతా."

"మంచోడు. నా మొకం మీద ఎన్నడన్లేదు గీ ముచ్చట" అన్నాడు లచ్చయ్య. తర్వాత గదివైపు తిరిగి, "ఒరే జలపతీ, తొందరేం లేదు, ఇంకింతసేపు ఉండనియ్యిరా" అన్నాడు. జలపతికి కావలసింది ఆ ఒక్క మాట. ఇక తప్పు తనది కాదనుకున్నాడు.

పదకొండింటికి ఫ్రీజర్ బాక్సు వచ్చింది. గల్ఫు సంఘం వాళ్లు అక్కడినుంచే మాట్లాడి పంపారు. ట్రాలీ ఆటో దిగిన మనిషి చెమట తుడుచుకుంటూ గద్దె మీదున్న పెద్దమనిషిని అడిగాడు.

"బాడీ ఎక్కడున్నది తాతా?"

"నేనే."

ఆ మనిషి జేబులోంచి రసీదు పుస్తకం తీశాడు. "అయితె బాక్సు అక్కరలేదని ఒక సంతకం పెట్టుండ్రి. లేకుంటె మా సేటు నమ్మడు" అన్నాడు. లచ్చయ్య ముక్కీ మూలిగీ సంతకం పెట్టాడు. తన శవానికి బాక్సు వద్దని స్వయంగా రాసిచ్చినవాడు ఆ మండలంలో ఆయన ఒక్కడే అయి ఉంటాడు.

బాక్సు వెనకే డప్పులవాళ్లు వచ్చారు. వాళ్ల వెనక సత్తవ్వ. పొద్దున నవ్విన సత్తవ్వే. ఎవరి ఫోనులోనో తండ్రి ఫోటో చూసి, అవ్వ నిజం చెబితే నవ్వానే అని గుండెలు బాదుకుంటూ మూడు బస్సులు మారి వచ్చింది. వాకిట్లో తండ్రి అన్నం తింటున్నాడు. ఆమె ఏడుపు ఆపలేకపోయింది. ఏడుస్తూనే తల్లిని తిట్టింది, తండ్రిని తిట్టింది, అన్నను తిడదామని చూస్తే అతను గది బయటికి రాలేదు. డప్పులవాళ్లను వట్టిగా పంపడం బాగుండదని, "అచ్చినందుకు రెండు దరువులు కొట్టుండ్రి, తిని పోండ్రి" అన్నాడు లచ్చయ్య. వాకిట్లో మోత మొదలైంది. గూట్లో ఉన్న రాజవ్వ ఫోన్ మోగి మోగి ఆగింది, ఎవరికీ వినబడలేదు.

జలపతి ఫోన్ కూడా మోగింది. రంజిత్. అప్పుడు అంకె తొమ్మిదివేల ఆరువందలు. ఎత్తితే నిజం చెప్పాలి, చెబితే వాడు క్షణంలో అందరికీ చెబుతాడు, అంకె అక్కడే ఆగిపోతుంది. జలపతి ఫోన్ కట్ చేశాడు. పదివేలు దాటగానే మొదటి ఫోన్ తమ్ముడికే అని మనసులో గట్టిగా అనుకున్నాడు. మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేశాడు. మూడోసారీ కట్ చేశాడు.

మూడు ఇరవైకి పదివేలు దాటింది. అంకెను ఫోటో తీసి కంపెనీకి పంపాడు. చావు కబురు తీసేసి "లచ్చయ్య గౌడ్ క్షేమం" అని పెట్టాడు. శోభ కళ్లు తుడుచుకుంది. అంతా అయ్యాక రంజిత్‌కు ఫోన్ చేశాడు. స్విచాఫ్. డ్యూటీలో ఉంటాడులే అనుకుని, "బాపు మంచిగనే ఉన్నడు" అని మెసేజ్ పెట్టాడు. అది చేరినట్టు ఎంతకీ గుర్తు పడలేదు.

తెల్లవారి లచ్చయ్య గద్దె మీద చాయ్ తాగుతుంటే వీధి మొగన కారు ఆగింది. అందులోంచి రంజిత్ దిగి, తల ఎత్తకుండా ఏడ్చుకుంటూ వచ్చి, వాకిట్లో కనబడ్డ మొదటి కాళ్ల మీద పడ్డాడు.

"బాపు ఆఖరి మొకం గూడ దక్కలేదే..."

"దక్కింది గానీ లేరా. చాయ్ ఒలుకుతది" అన్నాడు లచ్చయ్య.

రంజిత్ తల ఎత్తి చూశాడు. తండ్రిని పట్టుకుని అప్పుడు ఏడ్చిన ఏడుపు ముందుదానికంటే పెద్దది. అందరూ నవ్వారు, రంజిత్ కూడా నవ్వాడు. నవ్వులు తగ్గాక రాజవ్వ అడిగింది.

"సెలవెన్ని దినాలిచ్చిండ్రు కొడుకా?"

"సెలవియ్యలే అవ్వా. సీజన్ గదా, పోతె మల్ల రావద్దన్నరు. బాపు కంటె నౌకరి ఎక్కువనా అని వీసా క్యాన్సిల్ కొట్టిచ్చుకొని అచ్చిన. అన్నకు మూడుసార్లు ఫోన్ చేసిన. కట్ చేసిండు. బాగ ఏడుస్తున్నడేమో, మాట్లాడలేకపోతున్నడేమో అనుకున్న."

జలపతి తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. తమ్ముడు కాలర్ పట్టుకుని నాలుగు తన్నినా బాగుండేది. తమ్ముడు అతని వైపు చూసి, "పోనీ తియ్యి అన్నా, బాపు ఉన్నడు, గంతే చాలు" అన్నాడు. అదే జలపతికి మింగుడుపడలేదు.

ఇంటి ఖర్చులో సగం పైగా రంజిత్ జీతమే. అతని ఇద్దరు పిల్లలూ కోరుట్లలో చదువుతున్నారు. ప్రకటనల కంపెనీకి ఫోన్ చేస్తే మీ రుజువు పరిశీలనలో ఉందన్నారు. ఎన్ని రోజులంటే చెప్పలేమన్నారు. సైటులో జనం రెండు రోజులు తిట్టిపోసి వెళ్లిపోయారు. జలపతి వీసాకు మిగిలింది పదహారు రోజులు. రంజిత్‌ది మాత్రం మళ్లీ దొరికేది కాదు. ఎవరూ పొమ్మనలేదు. శోభ కూడా ఉండమనలేదు. పదమూడో రోజున ఆమె బీడీల చాట పక్కన పెట్టి, పెట్టెలో పచ్చడి సీసా సర్దుతుంటే, జలపతి చాలాసేపు ఆమె చేతులే చూశాడు.

"నాదే తప్పు" అన్నాడు.

"పదివేలైతె పోనన్నవు" అంది శోభ. అంతకుమించి ఏమీ అనలేదు.

బయల్దేరే పొద్దున తండ్రి కాళ్లకు మొక్కాడు. లచ్చయ్య కోపంగా లేడు. భుజం మీద చేయి వేసి, తీరిగ్గానే చెప్పాడు.

"నేను పోయిన్నాడు దుబాయి నుంచి రంజిత్ అచ్చిండు. బోయినపల్లి నుంచి సత్తవ్వ అచ్చింది. ఎవలో తెల్వని బాక్సాయన గూడ అచ్చిండు. నువ్వు ఇంట్లనే ఉంటివి గదరా. ఒక్కపారన్న వాకిట్లకు అచ్చి నన్ను సూడకపోతివి."

పదివేల మందిని తెచ్చానన్న గర్వంలో, తండ్రిని చూడని ఒక్క మనిషి తానేనని జలపతికి అప్పుడు తెలిసింది. బస్సు కోరుట్ల దాటేదాకా ఏడ్చాడు. ఈసారి దానికి ఏ గండమూ కారణం కాదు.

షార్జాలో రెండేళ్ల కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టిన మూడో రోజు, ప్రకటనల కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది: "అభినందనలు! మీ దరఖాస్తు ఆమోదించాం. ఇకపై మీరు హాయిగా కుటుంబంతో ఉంటూ ఇంటి నుంచే సంపాదించుకోవచ్చు."