ముప్పావుగంట పరుగు, నలభై ఇడ్లీ

"మా అమ్మ వస్తంది" అని మా ఆవిడ అనగానే నేను ముందుగా చూసేది మా పడకగదిలో కూలరు వైపు. నరసరావుపేటలో మే నెల వచ్చిందంటే, మొగుడూ పెళ్ళాల మధ్య ప్రేమ ఎంతున్నా సరే, ఎదురుగా కూలరు లేకపోతే ఎవరి చాప వాళ్ళదే.

"నెల రోజులుంటది. కూలరు ఆమె గదిలో పెడతన్నా" అంది లక్ష్మీతిరుపతమ్మ, వంకాయలు తరుగుతూ.

"ఏమే, మీ అమ్మది రెంటచింతల. ఎండ ముందు వాళ్ళ ఊళ్ళో దిగి, అక్కడ మిగిలింది మనకొచ్చిద్ది. ఆమెకి మన పేట ఊటీ లెక్క!"

"పుట్టినకాడి నించి ఎండలోనే ఉంది. కూతురింటికొచ్చి గూడా చెమటలు కార్చాలా?"

"మరి నేనో?"

"నువ్వు పగలంతా కొట్లో ఫ్యాను కిందే గదయ్యా."

ట్రాక్టరు సామాన్ల కొట్టులో ఆ ఫ్యాను గాలి విసరదు, ఉన్న వేడిని అందరికీ సమానంగా పంచుతుంది. పగలు అక్కడ ఉడికి, రాత్రి ఇంట్లో కూడా ఉడికితే నన్ను పోపు పెట్టి వడ్డించడమే తరువాయి.

అప్పుడే తిరుపతమ్మ ఒక కరపత్రం నా ముందు పడేసింది. పక్కింట్లో బట్టలు కుట్టే హమీదా ఇచ్చిందట. మా స్టేడియం నడక సంఘం వాళ్ళు పందెం పెట్టారు. నాలుగు కిలోమీటర్లు, మూడు రౌండ్లు. వాచీ ఉండకూడదు, ఫోన్ ఉండకూడదు. ఎంతసేపట్లో చేరతావో ముందే చెప్పి పరిగెత్తాలి. చెప్పిన టైముకి ఎవరు దగ్గరగా వస్తే వాళ్ళదే బహుమతి.

బహుమతి కొత్త కూలరు.

"నేనూ హమీదా ఊరికే నడుద్దామని పేర్లిచ్చాం. నీకెందుకులే, ఆయాసం" అంది మా ఆవిడ.

ఆ 'నీకెందుకులే' నేరుగా నా పౌరుషానికి తగిలింది. "అంకమ్మరావంటే ఏమనుకున్నావు? నా పేరు గూడా రాయించు!" అన్నాను. ఆమె వంకాయలు కాస్త హుషారుగా తరిగింది.

పౌరుషం వచ్చింది గానీ, టైము అంచనా వేయడం నాకు రాదు. 'అయిదు నిమిషాల్లో వస్తా' అని చెప్పి వెళితే, మా ఆవిడ నా వాటా అన్నం పొయ్యి మీద పెట్టేది గంట తరవాతే. అందుకని స్నానాల గదిలోకి వెళ్ళి, గడియ పెట్టుకుని, బ్రహ్మాజీకి ఫోన్ చేశాను. వాడికి సెల్‌ఫోన్ల కొట్టుంది. అవసరానికి ఎప్పుడూ దొరకడు కాబట్టి వాణ్ణి అందరం నెట్‌వర్క్ బ్రహ్మాజీ అంటాం. ఆ రోజు నా ఖర్మ కాలి దొరికాడు.

"ఒరేయ్, స్టేడియం గేటు అవతల మలుపులో యేసుపాదం ఇడ్లీ బండి ఉందిగా. నువ్వు ఆడ నిలబడు. నేను రౌండు తిరిగొచ్చినప్పుడల్లా ఎన్ని నిమిషాలైందో అన్ని ఇడ్లీలు చెప్పు."

"చెబితే యేసుపాదం కట్టిచ్చేస్తాడు గదరా?"

"కట్టనీ! తినే మొహాలు పేటలో లేవా ఏంది?"

పందెం రోజు తెల్లారేసరికి స్టేడియం దగ్గర యాభై మందిమి పోగయ్యాం. సంఘం ప్రెసిడెంటు శేషగిరిరావు గారు మెడలో విజిల్ లేకుండా పెళ్ళికి కూడా వెళ్ళరు. ప్లాస్టిక్ టబ్బులో అందరి వాచీలూ ఫోన్లూ వేయించుకుని, ఒక్కొక్కరినీ మైకు దగ్గరికి పిలిచారు.

"నలభై అయిదు నిమిషాలు!" అన్నాను నేను.

"యాభై అనుకో అన్నయ్యా. మాకు తొందరేంది" అంది మా ఆవిడ.

విజిల్ మోగింది. పరుగు మొదలెట్టాను. నా పరుగు సంగతి ముందే మనవి చేయాలి. చేతులు చూస్తే పరుగులాగే ఉంటుంది, కాళ్ళు చూస్తే అనుమానం వస్తుంది. వంద గజాలు వెళ్ళకముందే తిరుపతమ్మా హమీదా ఏదో జాకెట్టు చేతుల కొలత గురించి మాట్లాడుకుంటూ నన్ను దాటేశారు. వాళ్ళు నడుస్తున్నారు!

"అన్నా, తోవ తప్పుకో" అంది హమీదా గౌరవంగానే.

నేను కంగారుపడలేదు. నాకు తెలివి ఉంది, కాళ్ళెందుకు? మొదటి రౌండు చివర బండి దగ్గరికి రాగానే బ్రహ్మాజీ గొంతెత్తాడు.

"యేసుపాదం, పదిహేను ఇడ్లీ!"

మూడు పదిహేనులు నలభై అయిదు. ఇదే ఊపున సాగితే కూలరు నాదే. రెండో రౌండంతా కూలరు ఏ మూల పెట్టాలా అని ఆలోచిస్తూ, దారిలో తెలిసినవాళ్ళకు నమస్కారాలు పెడుతూ వచ్చాను.

మలుపు తిరిగేసరికి బండి దగ్గర మా ఆవిడ నిలబడి ఉంది. యేసుపాదంతో ఏదో చెప్పి, నా వైపైనా చూడకుండా హమీదాతో కలిసి ముందుకు సాగిపోయింది. యేసుపాదానిది అసలే నాటకాల గొంతు. ఎవరేం చెప్పినా ఊరంతా వినేలా తిరిగి చదువుతాడు.

"నలభై ఇడ్లీ! నలభై ఇడ్లీ పార్సిల్!"

నలభయ్యా? ఇంకా ఒక రౌండు మొత్తం ఉందే! నమస్కారాలు నన్ను ముంచాయి.

ఇంతలో బ్రహ్మాజీ గంతులేస్తూ అరిచాడు. "కాదు కాదు! ముప్పై! ముప్పై ఇడ్లీ!"

"ముప్పై కాదు గదా మూడు గూడా లేవు! ఉన్నయ్యన్నీ అక్కగారు చెప్పేసింది. దోశలెయ్యనా?" అన్నాడు యేసుపాదం.

"ఏదో ఒకటి! దోశలు, ముప్పై దోశలు!"

నేను టక్కున ఆగిపోయాను. ఒప్పందంలో దోశలు లేవు. దోశంటే అర నిమిషమా, రెండు నిమిషాలా? "దోశ లెక్క ఎట్టారా?" అని అరిచాను. నా వెనక వస్తున్న లావుపాటి ప్లీడరు గారు ఆగలేక నన్ను గుద్దుకుని, "దోశ తినేవాడివి పక్కకుపోయి తినవయ్యా!" అని కసిరారు.

ముందు విన్నది నలభై. గట్టిగా విన్నదీ నలభయ్యే. ఇక ఆలోచించలేదు, లగెత్తాను.

అలా ఎప్పుడు పరిగెత్తానో నాకే గుర్తులేదు. ప్లీడరు గారిని దాటాను. హమీదానీ, నా భార్యనీ దాటాను. "నెమ్మదయ్యా, పడతావు!" అని ఆవిడ వెనకనించి అరుస్తున్నా వినిపించుకోలేదు. ఒక కుక్క సరదాపడి కాసేపు నాతో పరిగెత్తి, వల్ల కాక ఆగిపోయింది. గేట్లోంచి దూసుకెళ్ళి గీత దాటి, కూలరు కోసం వచ్చినవాణ్ణి కాస్తా నేల మీద కూలబడ్డాను.

"ఎంతసార్? యాభై దాటిందా?"

శేషగిరిరావు గారు స్టాప్‌వాచీ రెండుసార్లు చూసి, చెవి దగ్గర పెట్టుకుని కూడా చూశారు. "ముప్పై ఏడు! ఏమయ్యా అంకమ్మరావూ, ఆఖరి రౌండు ఏడు నిమిషాల్లో కొట్టావు! నలభై ఏళ్ళు దాటినోళ్ళలో నువ్వే ఫస్టు!"

అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చింది. ఎనిమిది నిమిషాలు ముందొచ్చాను. కూలరు పోయింది.

కాసేపటికి బ్రహ్మాజీ మొహం వేలాడేసుకుని, చేతిలో దోశల పొట్లాలతో వచ్చాడు.

"మా ఆవిడేదిరా?"

"బండికాడ కూర్చుని ఇడ్లీ తింటంది. నా దగ్గరకొచ్చి, 'అన్నయ్యా, ఇప్పటికి ఎన్ని ఇడ్లీలైనయ్?' అనడిగింది. చెప్పేశా."

నేను అర్థం చేసుకునేలోపే తిరుపతమ్మ చెంగుతో మూతి తుడుచుకుంటూ, హమీదాతో కబుర్లాడుకుంటూ, తాపీగా గీత దాటింది. శేషగిరిరావు గారు విజిల్ ఊదారు. సరిగ్గా యాభై. కూలరు ఆమెది. వెనకాలే యేసుపాదం నలభై ఇడ్లీ మోసుకొచ్చి పరిగెత్తినవాళ్ళందరికీ పంచుతుంటే, జనం మా ఆవిణ్ణి అన్నపూర్ణ అన్నారు.

నేను ఆమెను పక్కకు లాగాను. "మోసం! నా లెక్కతో నన్నే ముంచుతావా? ఇప్పుడే మైకులో చెప్పేస్తా!"

"చెప్పు. కూలరు ఎనక్కి తీసుకుంటారు. స్నానాల గదిలో ఫోన్ చేస్తే వినపడదనుకున్నావా? వీధి చివర పాలాయనక్కూడా తెలుసు నీ ఇడ్లీ లెక్క."

కూలరును ఆటోలో నా ఒళ్ళోనే పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

శుక్రవారం మా అత్తగారు రత్తమ్మ బస్సు దిగింది. తన గదిలో మెరిసిపోతున్న కొత్త కూలరును చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"ఈ మాయదారి గాలి నాకు పడదని నీకు తెలుసు గదే! తుమ్ములు పట్టుకుంటయ్. డాబా మీద నులక మంచమెయ్యి."

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆమె గోడ మీద బల్లిని చూస్తోంది.

"అంటే... మీ అమ్మకి కూలరు అక్కర్లేదా?"

"అక్కర్లేదు."

"మరి నన్నెందుకు పరిగెత్తించావే?"

తిరుపతమ్మ గొంతు తగ్గించింది. "నీకు షుగరు అంచుల్లో ఉందని, రోజూ నడవకపోతే కష్టమని డాక్టరమ్మ చెప్పలా? నేను చెబితే వినవు. కూలరు పోద్దంటేనే లేచావు. నలభై ఇడ్లీ అన్నది గూడా అందుకే. నువ్వు పరిగెత్తగలవని నాకు తెలుసు. నీకే తెలవదు." కొంగు సర్దుకుని, "నన్ను దాటి పోతంటే చానా బాగున్నావయ్యా" అంది.

పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఆమె నన్ను బాగున్నావనడం అదే మొదటిసారి. కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బయటికి వెళ్ళి మంచం మోశాను.

మర్నాడు ఇంకా చీకటి ఉండగానే నా కాలి బొటనవేలు ఎవరో లాగారు. చూస్తే అత్తగారు. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, కాళ్ళకు తెల్లటి కాన్వాసు బూట్లు తొడుక్కుని ఉంది.

"లెండి అల్లుడుగారూ, గ్రౌండుకి. నెల రోజులు మిమ్మల్ని తిప్పమని అమ్మాయి నన్ను పిలిపించింది."

"కాఫీ తాగి..."

"వచ్చాక తాగుదురు."

నేను వాకిట్లో కూర్చుని బూట్ల లేసులు కట్టుకుని తలెత్తేసరికి, అత్తగారు వీధి మలుపు దాటేసింది.