బుచ్చన్న బ్రేక్‌డౌన్ రిజిస్టరు

గురువారం పొద్దున సదానందం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. లారీల సేటు భూపాల్‌కు బొగ్గు బండ్ల మీద కప్పడానికి ఇరవై తాటిపత్రులు కుట్టాలి. పద్నాలుగు అయ్యాయి, ఆరు మిగిలాయి. రోజుకు రెండు కుడితే శనివారం సాయంత్రానికి పని అయిపోతుంది, ఆపైన ఏడాది పొడుగునా భూపాల్ పని ఈ దుకాణానికే వస్తుంది. కాకపోతే ఆయన కుట్టే లేని, వేడి పెట్టి అతికించిన రెడీమేడ్ పట్టాలు తెప్పించుకుంటాడు. అప్పుడు సదానందం గోదావరి అవతల జైపూర్ కరెంటు ప్లాంటులో గేటు కాయడానికి పోవాలి. ఆ కొలువు గురించి భార్య శోభ తన తమ్ముడితో మాట్లాడి పెట్టింది. యూనిఫారానికి కొలతలు కూడా ఆమే తీసింది.

గేటు అన్న మాట వింటేనే సదానందానికి అన్నం సయించడం లేదు. గోదావరిఖని లారీ అడ్డా పక్కన ఇరవై ఎనిమిదేళ్లుగా ఒకే మిషిను మీద బతికాడు. సూదీ, పాదమూ, కింది పళ్లూ కలిసి అడుగేసే నల్ల ఇనుప మిషిను అది. నాలుగు మడతల తాటిపత్రిని నమిలి అవతల పడేసేది. మనుషుల మీద లేని నమ్మకం అతనికి దాని మీద ఉంది. నమ్మకం లేనిదల్లా దుకాణంలోని బల్బు మీదే. ఈ ఏడాది మూడు బల్బులు మార్చాడు. కొత్తది కూడా రెండు రోజుల్లో పాతదానిలాగే మసగ్గా కనిపించేది. బొగ్గు పొడి అనుకున్నాడు, కరెంటు సరిగ్గా రావడం లేదనుకున్నాడు. ఇంకో కారణం ఒకటి అప్పుడప్పుడు తలెత్తేది గానీ, దాన్ని కూర్చోనిచ్చేవాడు కాదు.

ఆ పొద్దున మొదటి తాటిపత్రి మూలకు రాగానే సూది ఇత్తడి రింగుకు తగిలి విరిగింది. అది మామూలే. కొత్త సూది బిగించాడు. ముందు రోజు రింగులు కొడుతూ సుత్తి దెబ్బ తగిలించుకున్న బొటనవేలికి కట్టు ఉండడంతో కాస్త తడుముకున్నాడు. మూడో ప్రయత్నంలో దారం ఎక్కింది. మిషిను నడిపితే కుట్టు పడలేదు. పై దారం పైనే, కింది దారం కిందే ఉండిపోయాయి. దారం మార్చాడు, బిగువు తగ్గించాడు, పెంచాడు, నూనె చుక్క వేశాడు. ఐదు పోట్లకు ఒక కుట్టు పడితే గొప్ప అన్నట్టయింది.

మిషిన్లు బాగుచేసే ముష్తాక్ మేనకోడలి పెళ్లికని కాసిపేట పోయాడు. ఫోను చేస్తే సోమవారం వస్తానన్నాడు. అప్పటిదాకా మిషిను మీద చెయ్యి పెట్టవద్దని మరీ మరీ చెప్పాడు. సదానందం ఆ మాట అక్షరాలా పాటించాడు. చెయ్యి పెట్టింది బుచ్చన్న.

బుచ్చన్న దుకాణం వెనకింట్లో ఉంటాడు. బొగ్గు బాయిలో ముప్పై ఆరేళ్లు ఫిట్టరుగా చేసి దిగిపోయినా, చేతులు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి. వాడలో కూలర్లు, మిక్సీలు ఏవి ఆగినా ఆయన ఒక రిజిస్టరు చంకలో పెట్టుకుని వస్తాడు. ఏం ఆగింది, ఎందుకు ఆగింది, ఏం సామాను కావాలి అని అందులో మూడు గడులు. రెండో గడి విషయంలో ఆయనకు ఒక నియమం ఉంది. దాన్ని ఆయన వేదం చెప్పినట్టు చెప్పేవాడు.

"మనిషి తప్పని ఎన్నడు రాయొద్దు బిడ్డా. రాస్తే వాని మీదికి కాగితం వస్తది, వాని పిల్లలు పస్తులుంటరు. మిషిను తప్పు రాయాలె. మిషినుకు చార్జిషీటు ఎవడిస్తడు?"

అది దయగల నియమమే. కాకపోతే ముప్పై ఆరేళ్లు మనిషి తప్పు రాయకుండా ఉండీ ఉండీ, మనిషి వైపు చూడడమే ఆయన మానేశాడు. సూది ఎవరు పెట్టారు, ఎట్లా పెట్టారు అని అడగలేదు. నేరుగా మిషిను బోర్లించి, కింద దారాన్ని అందుకునే కొక్కేన్ని వదులు చేసి, కంటి అంచనాతో ఇంకోచోట బిగించాడు. దాంతో ఐదు పోట్లకు పడే ఆ ఒక్క కుట్టు కూడా పోయింది. "లోపల ఎండిపోయింది" అని తేల్చి, బాయి యంత్రాలకు పెట్టే గ్రీజు డబ్బా తెచ్చి మూడొంతులు లోపలికి కూరాడు.

గ్రీజు తిన్న మిషిను కదల్లేక కూర్చుంది. మోటారు బెల్టు జారడం మొదలుపెట్టింది. ఆ ఊళ్లో ఏ గడప ముందు చూసినా బొగ్గు మోసిన పాత కన్వేయరు బెల్టు ముక్కే కాళ్లు తుడుచుకునే పట్టాగా ఉంటుంది. బుచ్చన్న తన గడప ముందరి ముక్కను సన్నగా కోసి బిగించాడు. శుక్రవారం పొద్దున స్విచ్చి వేశారు. బెల్టు జారలేదు, మిషిను తిరగలేదు, మధ్యలో ఉన్న మోటారు కాలిపోయింది. దుకాణంలోంచి నల్లటి పొగ లేచింది.

పొగ చూసి పరిగెత్తుకొచ్చిన శోభ, మొగుడు బతికే ఉన్నాడని చూసుకుని, అక్కడే నిలబడి తమ్ముడికి ఫోను చేసి సోమవారం గేటు కొలువుకు వస్తున్నాడని ఖాయం చేసింది. అడ్డా మీది డ్రైవర్లు కూడా పొగ చూశారు. వాళ్లు భూపాల్‌కు ఫోను చేశారు. ఆ సంగతి సదానందానికి తెలియదు.

అతను, బ్యాగుల పని ఉందని పెళ్లికి పోకుండా ఆగిన ముష్తాక్ భార్య అమీరున్నీసా దగ్గరికి పోయాడు. ఆమెకు స్కూలు బ్యాగులు కుట్టే మిషిను ఉంది. అది తాటిపత్రికి ఆగదని అతనికి తెలుసు. అందులో కింది పళ్లే గుడ్డను లాగుతాయి, పై మడతను పట్టించుకునే దిక్కు లేదు. ఇంకొకరు అడిగితే ఆ మిషిను వద్దని తనే చెప్పేవాడు. కానీ గేటు కళ్ల ముందు కనబడుతుంటే తెలిసింది కూడా తెలియనట్టే ఉంటుంది. ఆమె కాదనలేక ఇచ్చింది. ఆ సూదిని ఆమే పెట్టి ఇచ్చింది గనుక మొదటి తాటిపత్రికి కుట్టు పడింది, గుడ్డ మాత్రం పై మడత వెనకబడి జానెడు వంకర వచ్చింది. రెండోది సగంలో ఉండగా లోపల ఏదో పటుక్కుమంది. మిషిను మరి లేవలేదు.

శనివారం సాయంత్రం పద్నాలుగు మంచివీ ఒక వంకరదీ ట్రాలీ ఆటోలో వేసుకుని అడ్డాకు పోయాడు. లారీలన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. ప్రతిదాని మీదా నీలం రంగు కొత్త పట్టా తళతళలాడుతోంది. ఆ నీలం అతనికి మసగ్గా, అందంగానే కనిపించింది.

"నీ దుకాణం మొత్తం కాలిందని చెప్పిన్రు గద అన్నా. భూపాల్ సేటు నిన్ననే తెప్పిచ్చిండు" అన్నాడు ఒక డ్రైవరు, జాలిగా.

సోమవారం జైపూర్‌లో గేటు దగ్గర ఇచ్చిన పరీక్ష ఒక్కటే. అవతల నిలబడ్డ లారీ నంబరు చదవాలి. సదానందం కళ్లు చిట్లించి చూశాడు. మెడ చాచాడు. ఎండ ఎక్కువగా ఉందన్నాడు. చివరికి, నంబరు పలకకు మన్ను కొట్టుకుపోయిందని, లారీని కడిగిస్తే చదువుతానని చెప్పాడు. అక్కడున్నది అప్పుడే కడిగిన నీళ్ల ట్యాంకరు. బామ్మర్ది అతన్ని అటునుంచి అటే ఇంటికి తెచ్చి దింపాడు.

దుకాణంలో ముష్తాక్ కూర్చుని ఉన్నాడు. విరిగిన అమీరున్నీసా మిషినుకు బదులు తన మిషిను తీసుకుపొమ్మని సదానందం ముందే కబురు పెట్టాడు. శోభ పక్కన నిలబడి ఉంది. బుచ్చన్న రిజిస్టరు తెరిచి ఉంది, రెండో గడి ఇంకా ఖాళీగానే ఉంది. ముష్తాక్ కోప్పడలేదు, అదే భయంగా ఉంది. గ్రీజంతా గుడ్డతో తోడి పారేశాడు, కొక్కేన్ని దాని చోటికి తెచ్చాడు. ఆఖరున సూది ఊడదీసి దాని ఒంటి మీద గోరుతో గీశాడు. సదానందం వైపు తిరిగాడు.

"అన్నా, సూది ఉల్టా పెట్టినవ్. గాడి గిటు ఉండాలె. ఇరవై ఎనిమిదేండ్ల సంది పెడుతున్నవ్. ఎట్లైంది?"

ఇంటి మిషిను సూదికి ఒక పక్క చదును ఉంటుంది, తప్పు పెడదామన్నా పట్టదు. ఈ సూది గుండ్రం. సన్నటి గాడి ఎటుందో కంటితో చూడాలి, లేదా గోటితో తడమాలి. ఎన్నాళ్లుగానో సదానందం గోటినే నమ్ముకున్నాడు. ఆ గోటికి కట్టు ఉంది. అతను బల్బు వైపు చూశాడు. శోభ కూడా బల్బు వైపు చూసి, తర్వాత మొగుడి కళ్లలోకి చూసింది. ఆమెకు కోపం రాలేదు. ఏడుపొచ్చింది.

"బల్బులు మారుస్తవు గని, నాకొక్క మాట చెప్పవా?" అంది.

సదానందం తల దించుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ముష్తాక్ చేతులు తుడుచుకుని, తను బదులు తీసుకునేది చెడిపోయిన మిషిననుకుని వచ్చానని, నడిచేదాన్ని తీసుకుపోయే పాపం తనకెందుకని, ఇంట్లో పాత మోటారు ఒకటుంటే పంపిస్తానని చెప్పి లేచాడు. మిషిను దుకాణంలోనే ఉండిపోయింది, పదిహేను తాటిపత్రులతో సహా. కుట్టడానికి పని మాత్రం లేదు.

బుచ్చన్న పెన్ను మూత తీశాడు. సదానందం వైపు ఒకసారి చూసి, ఏమనుకున్నాడో, నియమం తప్పకుండానే మిగిలిన రెండు గడులూ నింపి సంతకం పెట్టాడు: "కారణం, మిషినుకు చూపు తగ్గింది. కావలసిన సామాను, కళ్లద్దాలు ఒక జత."